పారుదల కొలత: కాలువ మొదట్లోనా, చివరి మడిలోనా?



ముప్పయ్యేళ్లకు పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ఛందస్సూ వ్యాకరణమూ చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాడు రౌటర్ల గురించీ ప్రాసెసర్ల గురించీ వ్రాయడమేమిటని మీలో కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. కానీ ఛందస్సు కూడా కొలతల శాస్త్రమే గదా. గురువెక్కడ, లఘువెక్కడ, పాదంలో ఎన్ని మాత్రలు ఇముడుతాయి అని లెక్క కట్టిన చేతికి, ఒక తీగలో క్షణానికి ఎన్ని అక్షరాలు పోతాయన్న లెక్క మరీ పరాయిది కాదు.

నా పూర్వ విద్యార్థి ఒకడు హైదరాబాదులో చిన్న చిన్న యంత్రాల లోపల నడిచే ప్రోగ్రాములు వ్రాసే పనిలో ఉన్నాడు. దసరాకు ఊరికి వచ్చినప్పుడు ఒక మాటన్నాడు. "సార్, డబ్బా మీద వంద అని రాసుంటది. దానికి ఇంకో పని చెప్పంగనే ముప్పై కూడ రాదు. ఆ ముప్పై సంగతి డబ్బా మీద ఎవ్వరూ రాయరు సార్." ఆ మాట వెంబడి పోయి కొన్ని నెలలుగా నేను చదివినదీ, అర్థమైనంతలో కూర్చుకున్నదీ ఈ వ్యాసం.

విషయం ఇది. ఇంట్లో గోడకు వేలాడే రౌటరు, చౌకధరల దుకాణంలో వేలిముద్ర పెట్టించుకునే యంత్రం, టవరు మీద పెట్టెలో ఉండే వైర్లెస్ పరికరం, ఇవన్నీ కంప్యూటర్లే. కాకపోతే చిన్నవి. బల్ల మీది కంప్యూటరుకున్న బలం వీటికి ఉండదు. ఒకే ఒక చిన్న ప్రాసెసరు సమాచారాన్ని ఇటునుండి అటు దాటించాలి, మిగతా పనులూ చూడాలి. అలాంటి యంత్రం గుండా క్షణానికి ఎంత సమాచారం పారుతుందనేది ఒక ప్రశ్న. దాని నెత్తిన వేరే పని పడ్డప్పుడు ఎంత పారుతుందనేది రెండో ప్రశ్న. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని లోకం ఎలా గ్రహించిందో చెప్పడమే నా ఉద్దేశం.

మొదట మాట సంగతి. ఇంగ్లీషులో త్రూపుట్ అనేదానికి తెలుగులో ఏమనాలని చాలా ఆలోచించాను. సంస్కృతం నుండి ఒక సమాసం కట్టడం నాకు కష్టం కాదు. కానీ కట్టిన సమాసాన్ని మోసేవారెవరు? మన నీటిపారుదల శాఖ పేరులోనే ఆ మాట సిద్ధంగా ఉంది: పారుదల. బ్యాండ్‌విడ్త్ అనేది కాలువ వెడల్పు. పారుదల అనేది ఆ కాలువలో నిజంగా కదిలి, అవతలికి చేరిన నీరు. వెడల్పు తవ్వినవాడికి తెలుస్తుంది. పారుదల తడిసిన మడికి తెలుస్తుంది.

పాత మహబూబ్‌నగర్ జిల్లావారికి ఈ తేడా విప్పి చెప్పనక్కరలేదు. తుంగభద్ర మీద కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో రాజోలిబండ ఆనకట్ట ఉంది. అక్కడ బయలుదేరిన కాలువ ముందు కర్ణాటక పొలాలను దాటుకొని, తరువాత గద్వాల, ఆలంపురం ప్రాంతాలకు రావాలి. బచావత్ ట్రిబ్యునల్ ఈ పథకానికి 17.1 టి.ఎం.సి.ల నీటిని లెక్కగట్టింది. అందులో 1.2 కర్ణాటకకు, 15.9 మన వైపుకు. మన వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. కాగితం మీద అంకెలు ఇంత స్పష్టంగా ఉండగానే, దశాబ్దాల తరబడి ఆలంపురం వైపు చివరి పొలాలకు నీరు చాలలేదు. ఆనకట్ట దగ్గర స్కేలు చూసి "కాలువ పారుతున్నది" అన్న ఉద్యోగి అబద్ధమాడలేదు. చివరి మడి గట్టు మీద నిలబడి "నీళ్లు రాలేదు" అన్న రైతూ అబద్ధమాడలేదు. ఇద్దరూ కొలిచిన చోట్లు వేరు.

ఇది కాలువ తప్పు. మన చెరువుల కింద ఇంకొక రకం తప్పు కూడా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని మడులకు పంచే మనిషిని నీరటి అంటారు. తూము తీయడం, వంతు ప్రకారం ఒక్కొక్క మడికి నీరు మళ్లించడం అతని పని. చెరువు నిండుగానే ఉంది, కాలువ బాగానే ఉంది. కానీ ఆ రోజు పటేలు ఏదో పని మీద నీరటిని పక్క ఊరికి పంపాడు. అప్పుడు మడికి నీరు రాదు. చెరువును కొలిచినా, కాలువను కొలిచినా ఈ తప్పు దొరకదు. నీరటికి ఆనాడు ఎంత తీరిక ఉన్నదో కూడా కొలవాలి.

చిన్న యంత్రంలో ప్రాసెసరు ఆ నీరటే. ఈ పోలికను చేతబట్టుకుంటే మిగిలిన చరిత్ర సులభంగా నడుస్తుంది.

*

కంప్యూటర్ల మధ్య పారుదలను కొలిచే సాధనాల చరిత్రలో మొదట చెప్పుకోవలసిన పేరు మైక్ మూస్. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనాలయంలో పనిచేసేవాడు. 1983 డిసెంబరులో 'పింగ్' అనే చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. జలాంతర్గామి సముద్రంలోకి ధ్వనిని పంపి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గినట్లు, ఇది అవతలి యంత్రానికి ఒక కేక వేసి బదులు ఎంతసేపటికి వచ్చిందో చెబుతుంది. మనం నేటికీ వాడుతున్నాం. అయితే కేక వినబడినంత మాత్రాన ఎంత బరువు మోయగలరో తెలియదు. ఆ లోటు తీర్చడానికి 1984లో మూస్, టెర్రీ స్లాటరీలు 'టీటీసీపీ' అనే మరొక ప్రోగ్రాము వ్రాశారు. దాని పద్ధతి సరళమైనది. ఇవతలి యంత్రం జ్ఞాపకంలో అర్థంలేని అక్షరాలను పుట్టించి పంపుతూ పోతుంది. అవతలి యంత్రం వాటిని అందుకొని, లెక్కించి, పారవేస్తుంది. డిస్కు మీద వ్రాయడం, చదవడం ఉండదు కనుక దాని మాంద్యం లెక్కలో కలవదు. అందిన అక్షరాలను పట్టిన కాలంతో భాగిస్తే పారుదల. నేటి ఐపెర్ఫ్ వంటి సాధనాలన్నీ ఈ ఊహకు వారసులే. 2000 సంవత్సరంలో మూస్ రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఆయన వ్రాసిన రెండు చిన్న సాధనాలూ ఆయనకంటె చిరాయువులయ్యాయి.

ఆ తరువాత రెండేళ్లకే కొలత అవసరం ఎంతటిదో లోకానికి తెలిసివచ్చింది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య ఉన్న లంకెలో పారుదల సెకనుకు 32,000 బిట్ల నుండి 40 బిట్లకు పడిపోయింది. వాటి నడుమ దూరం 400 గజాలు. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. అందరూ ఒకేసారి పంపుతూ, పోయినదాన్ని మళ్లీ మళ్లీ పంపుతూ దారిని కిక్కిరిసేటట్లు చేశారు. వాన్ జేకబ్సన్ 1988లో ప్రచురించిన పత్రం ఈ రోగానికి మందు చెప్పింది. దారి నిండినదని గ్రహించి పంపేవాడే వెనక్కి తగ్గాలి అన్నదే దాని సారం. ఇది దారి కథ. కాలువ తప్పు లాంటిది. నీరటి కథ ఇంకా రావలసి ఉంది.

1991లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 1242 అనే పత్రం పారుదలకు ఒక కఠినమైన నిర్వచనం ఇచ్చింది. ఇచ్చిన మూటల్లో ఒక్కటి కూడా జారవిడవకుండా పరికరం దాటించగల గరిష్ఠ వేగమే పారుదల అన్నది. ఒక్కటి జారినా ఆ వేగం లెక్కలోకి రాదు. గణభంగమైతే పద్యం పద్యమే కాదన్నట్లుంటుంది ఈ నియమం. 1999లో స్కాట్ బ్రాడ్నర్, జిమ్ మెక్‌వైడ్ వ్రాసిన ఆర్ఎఫ్‌సీ 2544 ఆ కొలతను ఎలా జరపాలో చెప్పింది. అందులో ఒక ముఖ్యమైన సూచన ఉంది: చిన్న మూటలతోనూ పెద్ద మూటలతోనూ వేర్వేరుగా కొలవాలి.

ఎందుకు? సమాచారం ధారగా పోదు, మూటలు మూటలుగా పోతుంది. ఇంగ్లీషులో పాకెట్లంటారు. సెకనుకు 100 మెగాబిట్ల తీగలో 1518 బైట్ల పెద్ద మూటలైతే సెకనుకు సుమారు 8,100 పడతాయి. 64 బైట్ల చిన్న మూటలైతే సుమారు 1,48,800. తీగ ఒకటే, వెడల్పు ఒకటే. కానీ ప్రతి మూటకూ ప్రాసెసరు చిరునామా చూడాలి, ఎటు పంపాలో తేల్చాలి. మూట చిన్నదైతే ఆ శ్రమ తగ్గదు. సెకనుకు 20 కోట్ల స్పందనలు గల, అంటే 200 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు ఉన్నదనుకోండి. పెద్ద మూటలైతే ఒక్కొక్కదానికి దాదాపు 24,600 స్పందనల తీరిక దొరుకుతుంది. చిన్న మూటలైతే 1,344 మాత్రమే. ధాన్యం బస్తాల్లో వచ్చినప్పుడు లెక్క వ్రాసుకునే గుమాస్తా, అదే ధాన్యం సోలెడు సోలెడుగా వచ్చినప్పుడు చేతులెత్తేస్తాడు. ఫోను మాటలన్నీ చిన్న మూటల్లోనే పోతాయని గుర్తుంచుకుంటే ఈ లెక్క పుస్తకాలకే పరిమితం కాదని తెలుస్తుంది.

*

నీరటి కథలో అసలు ఘట్టం 1996లో వచ్చింది. జెఫ్రీ మోగుల్, కె.కె. రామకృష్ణన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక విచిత్రమైన రోగాన్ని వర్ణించారు. ఇంగ్లీషులో దానికి రిసీవ్ లైవ్‌లాక్ అని పేరు. ఆనాటి పద్ధతిలో మూట వచ్చినప్పుడల్లా తీగ దగ్గరి పరికరం ప్రాసెసరును కేక వేసి పిలిచేది. ప్రాసెసరు చేతిలో పని ఆపి, వెళ్లి, మూటను అందుకొని వరుసలో పెట్టేది. వరుసలోని మూటలను అవతలికి దాటించడం తరువాతి పని. మూటలు మెల్లగా వచ్చినంతకాలం ఇది చక్కగా సాగింది. వేగం పెరిగేకొద్దీ పిలుపులకు పలకడంతోనే పొద్దుపోతుంది, దాటించడానికి తీరిక ఉండదు. వరుస నిండిపోతుంది. అందుకున్న మూటలను అక్కడే పారవేయవలసి వస్తుంది. ప్రాసెసరు నూటికి నూరుపాళ్లు పనిచేస్తూనే ఉంటుంది, అవతలికి చేరేది మాత్రం సున్నకు దిగుతుంది.

మన నీరటినే తలచుకోండి. నలభై మంది రైతులు గట్టు మీద నిలబడి ఒకరి తరువాత ఒకరు "ఓ నీరటీ!" అని పిలుస్తున్నారు. అతడు ప్రతి పిలుపుకూ "వస్తున్నా" అని బదులిస్తూ గట్టు వెంబడి పరుగెడుతున్నాడు. సాయంత్రానికి ఒళ్లంతా చెమట, ఒక్క మడీ తడవలేదు. అతనిది సోమరితనమని ఎవరనగలరు?

మందు కూడా పల్లెలో ఉన్నదే. "నన్ను పిలవకండి. వంతు ప్రకారం నేనే తిరిగి వస్తాను. ఒక్కొక్కరి దగ్గర ఇంతసేపే ఉంటాను." మోగుల్, రామకృష్ణన్ చూపిన మార్గం ఇంచుమించు ఇదే. మొదటి పిలుపు విన్నాక పిలుపులను ఆపివేసి, ప్రాసెసరే వరుసగా వెళ్లి చూసుకోవాలి. ఒక విడతలో ఇన్ని మూటలే అని హద్దు పెట్టుకోవాలి. అందుకోవడానికి తీరిక లేని మూటను వాకిట్లోనే వదలివేయాలి, ఇంట్లోకి తెచ్చి పారవేయడం వృథా శ్రమ. 2001లో జమాల్ హాదీ సలీం, రాబర్ట్ ఓల్సన్, అలెక్సీ కుజ్నెత్సోవ్‌లు ఇటువంటి పద్ధతినే లినక్స్‌కు ప్రతిపాదించారు. నాపీ అనే పేరుతో అది లినక్స్‌లో స్థిరపడింది. ఇంట్లోని రౌటరు చాలావరకు లినక్స్ మీదనే నడుస్తుంది కనుక, ఆ వంతుల పద్ధతి బహుశా మీ గోడ మీద కూడా పనిచేస్తూ ఉంటుంది.

తీరికను కూడా కొలతలో చేర్చాలన్న వివేకం మరొక సాధనంలో కనిపిస్తుంది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో రిక్ జోన్స్ వ్రాసిన నెట్‌పెర్ఫ్, ఎంత పారిందో చెప్పి ఊరుకోదు. అడిగితే, అంత పారడానికి రెండు వైపులా ప్రాసెసరు ఎంత శ్రమపడిందో కూడా చెబుతుంది. ఒక్కొక్క కిలోబైటుకు ఎన్ని మైక్రోసెకన్ల శ్రమ అయిందన్న అంకెను సర్వీస్ డిమాండ్ అంటారు. ఈ అంకె విలువ ఒక ఉదాహరణతో తెలుస్తుంది. ఒక రౌటరు 50 మెగాబిట్లు దాటిస్తున్నప్పుడు ప్రాసెసరు సగం పనిలో ఉన్నదనుకుందాం. పూర్తిగా పనిచేస్తే 100 దాకా పోగలదని ఊహించవచ్చు. దానికే గుప్తలేఖనం వంటి బరువైన పని అప్పగించి, ఆ పనికి ప్రాసెసరులో 70 పాళ్లు పోయినవనుకుందాం. మిగిలిన 30 పాళ్లలో దాటేది 30 మెగాబిట్లే. నా శిష్యుడు చెప్పిన ముప్పై ఇదే. తీగ మారలేదు, డబ్బా మారలేదు, డబ్బా మీది అంకె మారలేదు. మారినది తీరిక.

*

ఈ జ్ఞానం ప్రయోగశాలల నుండి ఇళ్లకు దిగడానికి లింక్‌సిస్ వారి డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రౌటరు కారణమైంది. అది 2002 డిసెంబరులో బజారుకు వచ్చింది. మొదటి తరంలో ప్రాసెసరు 125 మెగాహెర్ట్జ్. లోపల లినక్స్ ఉన్నందున లైసెన్సు నియమం ప్రకారం మూలప్రోగ్రాము 2003లో బయటపెట్టవలసి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే స్వేచ్ఛా ప్రయత్నం మొదలైంది. చిన్న యంత్రం మూత తీసి లోపల చూసే అవకాశం మామూలు మనుషులకు దొరికింది. కొలిచేవారూ పెరిగారు.

కొలత పెరిగేసరికి ఒక సూక్ష్మం బయటపడింది. ఐపెర్ఫ్‌ను రౌటరులోనే నడిపిస్తే పారుదల తక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే అక్షరాలను పుట్టించే పని, లెక్కించే పని కూడా ఆ చిన్న ప్రాసెసరు నెత్తినే పడతాయి. నీళ్లు మళ్లించే నీరటినే గట్టు మీద కూర్చుండి బొట్టు బొట్టూ లెక్క వ్రాయమంటే ఏమవుతుంది? కొలత తాను కొలిచేదాన్నే తింటుంది. కాబట్టి పంపేవాడు ఒక వైపు, లెక్కించేవాడు మరొక వైపు ఉండాలి. రౌటరు నడుమ దాటించేదిగా మాత్రమే ఉండాలి. మొదట వేరే పని లేకుండా ఒకసారి, తరువాత నిత్యం చేసే పనులన్నీ అప్పగించి ఒకసారి, పెద్ద మూటలతో, చిన్న మూటలతో. ప్రతిసారీ ప్రాసెసరు తీరిక ఎంత మిగిలిందో పక్కన వ్రాయాలి. ఇన్ని గడులు నింపిన పట్టికే ఆ యంత్రపు నిజమైన జాతకం.

మన తెలుగునేల మీద ఈ లెక్కలు పల్లెలకు ఎప్పుడు వచ్చాయి? 2001లో స్థాపితమైన బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి జిల్లాలో 'అశ్విని' అనే పథకం నడిపింది. ఎత్తైన టవర్లు కట్టి, ఇళ్లలో వాడే వైఫై సాంకేతికతనే దిశ కలిగిన యాంటెన్నాలతో కిలోమీటర్ల దూరాలకు సాగదీసి, పల్లెలను కలిపారు. దృశ్యశ్రవణ పద్ధతిలో వైద్యసలహా, బోధన అందించడం దాని లక్ష్యాలు. భాస్కరన్ రామన్, కామేశ్వరి చేబ్రోలు అనే ఆచార్యులు ఉత్తరప్రదేశ్‌లో తాము నడిపిన డిజిటల్ గంగెటిక్ ప్లెయిన్స్ ప్రయోగంతో పాటు ఈ అశ్విని అనుభవాన్ని కూడా చేర్చి 2007లో ఒక వ్యాసం ప్రచురించారు. అదే కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పరిశోధకులు తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి గ్రామకేంద్రాలకు ఇటువంటి లంకెలు వేశారు. వారు 2007లో ప్రకటించిన వైల్డ్‌నెట్ అనే పద్ధతి మామూలు వైఫై కన్నా రెండు నుండి ఐదు రెట్లు ఎక్కువ పారుదల చూపింది.

ఈ టవర్ల మీది పెట్టెల్లో ఉండేవి తక్కువ విద్యుత్తుతో నడిచే చిన్న కంప్యూటర్లే. కరెంటు పోతే బ్యాటరీ మీద బతకాలి కనుక బలమైన ప్రాసెసరు పెట్టే వీలులేదు. దూరపు లంకెలో దారి మధ్యలో మూటలు పోతుంటాయి. పోయినవాటిని తిరిగి కట్టుకోవడానికి అదనపు గణితం చేయవచ్చు. చేస్తే దారి కష్టం కొంత తీరుతుంది, ఆ భారం ప్రాసెసరు మీదికి వస్తుంది. దారికీ నీరటికీ మధ్య బరువు మార్చుకోవడం తప్ప, బరువు మాయమయ్యే ఉపాయం లేదు. పల్లెలో ఏ యంత్రం పెట్టేవారైనా మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఇదే: బరువు ఎవరి మీద వేద్దాం?

*

మా నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నకు రెండు విరుద్ధమైన జవాబులు పదేళ్ల వ్యవధిలో అమలయ్యాయి.

మొదటిది స్మార్ట్‌కార్డు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలినీ, సామాజిక పింఛన్లనూ వేలిముద్ర ఆధారంగా ఊళ్లోనే చెల్లించే ఏర్పాటు చేసింది. ఊరి మనిషి ఒకరు, చాలాచోట్ల స్వయం సహాయక సంఘపు మహిళ, చేతిలో పట్టే చిన్న యంత్రంతో డబ్బు పంచేవారు. కూలీ వేలిముద్ర అతని కార్డులోని చిప్పులోనే ఉండేది. వేలు పెట్టగానే ఆ చిన్న యంత్రమే రెండింటినీ పోల్చి చూసేది. ఆ క్షణాన నెట్‌వర్కుతో పనిలేదు. అంటే బరువంతా ప్రాసెసరు మీద, దారి మీద ఏమీ లేదు. సిగ్నలు నమ్మరాని పల్లెలకు తగిన జవాబు.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఈ ఏర్పాటును ప్రభుత్వ సహకారంతో పరీక్షించారు. నల్లగొండతో సహా ఎనిమిది జిల్లాలు, 157 మండలాలు, 1 కోటి 90 లక్షల జనాభా. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తరువాత అనేది చీటీల పద్ధతిలో నిర్ణయించారు. 2016లో వారి పత్రం అచ్చయింది. వారు కొలిచినది యంత్రపు వేగాన్ని కాదు. కూలీల ఇళ్లకు వెళ్లి, డబ్బు తీసుకోవడానికి ఎంతసేపు పట్టిందని అడిగారు, పనిచేసిన ఎన్నాళ్లకు డబ్బు అందిందని అడిగారు, ఎంత అందిందని అడిగారు. డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గిందనీ, నడుమ జారిపోయే సొమ్ము గణనీయంగా తగ్గిందనీ తేలింది. కూలీలకు మిగిలిన కాలపు విలువే ఆ ఏర్పాటు ఖర్చుకు సరిపోయిందన్నారు. ఏర్పాటు పూర్తిగా అమలు కాకముందే ఇంత ఫలితం. నా దృష్టిలో ఇది చివరి మడిలో నిలబడి చేసిన కొలత. ఒక అర్ధగంట మిగలడమంటే కూలిమనిషికి ఏమిటో, పూట కూలి పోగొట్టుకొని తపాలా కార్యాలయం అరుగు మీద కూర్చున్నవారిని చూసిన మనకు తెలుసు.

రెండవ జవాబు చౌకధరల దుకాణంలోని ఈ-పాస్ యంత్రం. 2018 నాటికి తెలంగాణ అంతటా వచ్చింది. ఇక్కడ వేలిముద్రను పోల్చేది ఊళ్లోని యంత్రం కాదు, దూరాన ఉన్న ఆధార్ కేంద్రం. ముద్రను పట్టడం, దాన్ని గుప్తలేఖనం చేయడం ఇవతల. పోల్చడం అవతల. బదులు వచ్చేదాకా ముసలమ్మ వేలు తుడుచుకుంటూ నిలబడాలి. బరువు ఈసారి దారి మీదికి మారింది. దీనికీ కారణం ఉంది. కార్డు పోగొట్టుకున్నా పనికి అడ్డం రాదు, ఒకరి పేర మరొకరు తీసుకోవడం కష్టం, ఏ దుకాణంలోనైనా సరుకు ఇవ్వవచ్చు. లాభాలున్నాయి. కానీ జాప్యమైనప్పుడు తప్పెక్కడో చెప్పడం కష్టమైంది.

వరుసలో నిలబడ్డవారు "సిగ్నల్ లేదంట" అంటారు. దుకాణదారు "సర్వర్ బిజీ" అంటాడు. ఆ రెండు మాటలూ దారినీ, అవతలి కొసనూ నిందించేవే. నడుమ ఉన్న చిన్న యంత్రపు తీరికను ఎవరూ తలచరు. ఒక వేలిముద్ర సమాచారం కొద్ది కిలోబైట్లే. దానికి పెద్ద కాలువ అక్కరలేదు. కాబట్టి సెకనుకు ఇన్ని మెగాబిట్లు అన్న అంకె ఇక్కడ వరుసను కదిలించదు. ముద్ర పట్టడానికి ఎంత, గుప్తలేఖనానికి ఎంత, పోయిరావడానికి ఎంత, అవతల పోల్చడానికి ఎంత అని నాలుగు ముక్కలుగా కాలాన్ని కొలిస్తేనే మందు తెలుస్తుంది. మొదటి రెండు ఎక్కువైతే మంచి టవరు కట్టి లాభం లేదు. మూడవది ఎక్కువైతే కొత్త యంత్రం కొని లాభం లేదు. కొలవకుండా ఖర్చు పెడితే నిండు చెరువుకు ఇంకొక గట్టు పోసినట్లే.

*

నలభై యేళ్ల ఈ చరిత్రలో నాకు కనిపించిన వరుస ఇది. మూస్ ఎంత చేరిందని అడిగాడు. ఆర్ఎఫ్‌సీ పండితులు ఒక్కటీ జారకుండా ఎంత చేరిందని అడిగారు. జోన్స్ అంత చేరడానికి ఎంత శ్రమ అయిందని అడిగాడు. మోగుల్, రామకృష్ణన్‌లు శ్రమ నూరుపాళ్లున్నా ఏమీ చేరని రోజు ఉంటుందని చూపారు. నల్లగొండ పల్లెల్లో కాగితం పట్టుకొని తిరిగిన పరిశోధకులు, ఎవరికి చేరింది, ఎంతసేపటికి చేరింది అని అడిగారు. ప్రతి ప్రశ్నా ముందు ప్రశ్నకంటె ఒక అడుగు కాలువ చివరికి దగ్గరగా ఉంది.

మెట్ట ప్రాంతంవాళ్లం మనం. ఆనకట్ట దగ్గరి స్కేలును నమ్మి నాట్లు వేసినవాళ్లం కాము. నీళ్లు మడిలోకి వచ్చి, మట్టి రంగు మారాక గాని నాగలి కదిలించము. యంత్రాలు పల్లెకు వచ్చినప్పుడు కూడా ఆ అలవాటే పాటించాలి. డబ్బా మీది అంకె చూపినవారిని, ఇంత పని నెత్తిన ఉన్నప్పుడు ఎంత పారుతుందని అడగాలి. అడిగే హక్కు ఇంజనీర్లకే కాదు, వరుసలో చివర నిలబడ్డ మనిషికి అందరికంటె ముందుగా ఉంది.

ఈ విషయంలో పనిచేసే మిత్రులు మనలో ఉన్నారు. మీ యంత్రాల పట్టికల్లో ఆ 'తీరిక' గడి నింపారా లేదా తెలిపితే సంతోషిస్తాను. సెలవు.